దీపాల గదికి ఒక్కటే కిటికీ

మా సారు పోయారని నాయిన ఫోన్ చేసినప్పుడు నేను మంచిర్యాలలో మా డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. నాయిన ఫోన్ చేస్తే ముందు పిల్లల సంగతి అడుగుతాడు, తర్వాత తిన్నారా అంటాడు, గోదావరికి అటువైపు ఎండలెట్లా ఉన్నాయంటాడు, ఆ తర్వాత గానీ అసలు విషయానికి రాడు. ఆ రోజు అవేవీ లేవు. "సారు పోయిండు బిడ్డా" అన్నాడు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. అవతల దవాఖానలో ఎవరో చక్రాల మంచం తోసుకుపోతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. నేను తడి చీర చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

పోతారని తెలుసు. కడుపులో నీరు చేరింది, కళ్ళు పచ్చబడ్డాయి, మనిషి పక్కబట్టలో కలిసిపోయినట్టు అయిపోయారు. ముందే తెలిసిన చావు తక్కువ బాధ పెడుతుందని అంటారు గానీ అదంతా ఉత్తమాట.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. గోదావరిఖనిలో ఇంటర్ బైపీసీ చదివిన మా ఈడు వాళ్ళకు మాత్రం పేరు కూడా అక్కర్లేదు, సారు అంటే ఆయనే. జువాలజీ చెప్పేవారు. బాటనీ పోస్టు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది కనుక అదీ ఆయన నెత్తినే పడేది. ఒక్కరోజు కూడా విసుక్కోగా నేను చూడలేదు.

సారు కాలేయం చెడి పోయారు. తాగుడు వల్ల చెడింది. ఈ ముక్క దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడం పెద్ద కష్టమేమీ కాదు. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టినవాళ్ళు "అనారోగ్యంతో" అని రాయించారు. నేను దాచను. మాకు చెప్పిన పాఠాలన్నిటిలో ఆయన ప్రాణం పెట్టి చెప్పిన పాఠం దాని గురించే. ఆ పాఠం వల్లే మా నాయిన ఇవాళ బతికి ఉన్నాడు. దాన్ని వదిలేసి ఆయన్ని తలుచుకోవడం నాకు చేతకాదు.

మా కాలేజీకి, బొగ్గును నేల పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గని మరీ దూరం కాదు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెట్టారంటే కిటికీ అద్దాలు వణికేవి, బెంచీల మీద సన్నగా మసి రాలేది. సారు చాక్‌పీసు బోర్డు మీదే ఆపి, అరచెయ్యి బోర్డుకు ఆనించి, చప్పుడు అణిగేదాకా కదలకుండా నిలబడేవారు. అణిగాక ఇటు తిరిగి "ఆఁ, ఏడున్నం?" అనేవారు. ఎక్కడున్నామో ఆయనకు బాగానే తెలుసు. మాలో ఎవరో ఒకరు చెప్పేదాకా మాత్రం ముందుకు పోయేవారు కాదు.

చొక్కా కాలరు లోపల చేతిరుమాలు మడిచి పెట్టుకునేవారు. జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు. బోర్డు తుడవడం మాకు అప్పజెప్పేవారు కాదు. ఆ మసికి పొడి డస్టర్ పనికిరాదని తడిగుడ్డతో ఆయనే తుడుచుకుని, బోర్డు ఆరేదాకా పల్లీలు నములుతూ మా ఇళ్ళ సంగతులు అడిగేవారు. ఎవరి నాయిన ఏ షిఫ్టు, ఎవరింట్లో ఎవరికి బాగాలేదు, అన్నీ ఆయనకు ఎరుకే.

ఎంజైముల పాఠం రెండో సంవత్సరంలో అనుకుంటాను. పుస్తకంలో వాక్యం మేమంతా బట్టీ కొట్టేశాం. అధస్థ పదార్థం గాఢత పెరిగేకొద్దీ ఎంజైము చర్య వేగం మొదట పెరుగుతుంది, కొంత దూరం పోయాక గరిష్ఠ వేగానికి చేరుతుంది, ఆ పైన గాఢత ఎంత పెంచినా వేగం పెరగదు. అప్పజెప్పమంటే గడగడా అప్పజెప్పాం. సారు అంతా విని పుస్తకం మూసేశారు. "మీ నాయినలు బాయిల దిగే ముందు ఏం తీసుకుంటరు?" అని అడిగారు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. దీపం సార్, అన్నాం అందరం.

బాయి మొగదల దీపాల గది ఉంటుంది. దానికొక చిన్న కిటికీ, లోపల ఒక మనిషి. దిగేవాళ్ళు తమ బిళ్ళ అందులోంచి ఇస్తే, ఆ మనిషి నంబరు చూసి వాళ్ళ దీపం తెచ్చి చేతికిస్తాడు. టోపీకి తగిలించుకుని, బ్యాటరీ నడుముకు కట్టుకుని దిగిపోతారు. మాలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు.

సారు తలుపుకు అడ్డంగా బల్ల జరిపించారు. నన్ను బల్ల వెనక నిలబెట్టి చాక్‌పీసుల డబ్బాలు ముందు పెట్టారు. కాగితం ముక్క ఇచ్చినవాళ్ళకు దాని మీద రాసిన రంగు చాక్‌పీసు వెతికి ఇవ్వాలి. మొదట ఇద్దరిని పంపారు. ఇచ్చేసి చేతులు కట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఒక బెంచీ మొత్తం వచ్చింది, నా చేతులకు పని తగిలింది. ఆఖరికి క్లాసంతా ఒక్కసారి మీద పడింది. నేను చెమటలు కక్కుతూ ఇస్తూనే ఉన్నాను గానీ, బెంచీ వచ్చినప్పుడు ఎంత జల్దీ ఇచ్చానో అంతే జల్దీ ఇవ్వగలిగాను. వెనకనుంచి తోపులాట, అరుపులు. సారు కుర్చీలోంచి లేవకుండానే "తోస్తే కిటికీ పెద్దగైతదా?" అన్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బస్సు దగ్గరా రేషన్ షాపు దగ్గరా మేం ఆ మాట వాడుకున్నాం.

అప్పుడు గీత గీశారు. ఎడమవైపు కింద మొదలై నిట్టనిలువుగా ఎక్కి, మెల్లగా వంగి, అడ్డంగా సాగింది. ఆ అడ్డగీతను బోర్డు చివరిదాకా లాగి అక్కడ ఆపలేదు. బోర్డు అంచు దాటి గోడ మీదికి, కిటికీ చౌకట్టు దాకా తీసుకుపోయారు. ఇది ఇట్లనే పోతది, ఎంత పోసినా ఇట్లనే పోతది, అన్నారు. అటెండరు సణిగాడు గానీ ఆ గీత మళ్ళీ సున్నం వేసేదాకా గోడ మీదే ఉంది.

పాఠం అయిపోయిందనుకున్నాం. సారు చేతులు దులుపుకుని, మందు సంగతి కూడా ఇంతే, అన్నారు. మన కాలేయంలోనూ అట్లాంటి కిటికీ ఉంది, అక్కడ కూర్చుని మందును విరిచే ఎంజైము ఉంది. మిగతా వాటిలా కూడా కాదు, ఆ కిటికీ కొద్దిపాటికే నిండిపోతుంది. ఆ పైన ఒక సీసా తాగినా రెండు తాగినా గంటకు విరిగేది అంతే. "మిగిలిందంత లైన్ల నిలవడతది. ఎక్కడ నిలవడతది? నెత్తుర్లనే నిలవడతది" అన్నారు. నిమ్మకాయ నీళ్ళు తాగినా, మజ్జిగ తాగినా, నెత్తిన చల్లనీళ్ళు గుమ్మరించుకున్నా లోపలి మనిషి చేతులు మాత్రం జల్దీ ఆడవని చెప్పారు. ఎవరమూ నవ్వలేదు. ఆ లెక్క మాలో ప్రతివాళ్ళ ఇంటికీ సరిపోతుంది.

నాకు ఒకటి అడగాలని ఉంది. క్లాసులో అడిగితే ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. అందుకని వరండాలో ఆగాను. సారు సైకిలు తాళం తీస్తుంటే, "చెమట పడితే మందు దిగదా సార్?" అని అడిగాను.

బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. తాగినవాడు డ్యూటీ ఎగ్గొడతాడని వాళ్ళు అనుకుంటారు. మా దగ్గర తాగినవాడు మందు దిగడానికే డ్యూటీకి పోయేవాడు. బొగ్గు తీసేచోట ఉక్క, గాలి ఆడదు, ఒళ్ళంతా నీళ్ళు కారతాయి. ఆ చెమటలో రాత్రిదంతా పోతుందని ఒక నమ్మకం. పొద్దున లేచి తల దిమ్ముగా ఉంటే ఇంట్లో పడుకుంటే మంచిది కాదనీ, బాయిలో దిగితేనే ఒళ్ళు తేలికపడుతుందనీ కాలనీలో అందరూ చెప్పుకునేవాళ్ళు. ఎంత ఎక్కువ తాగితే అంత పట్టుదలగా దిగేవాళ్ళు.

సారు తాళంచెవి చేతిలోనే పట్టుకుని నావైపు చూశారు. ఎవరన్నరు గట్ల, అని అడిగారు. మా నాయిన, అన్నాను. చెమటలో పోయేది లెక్కలోకి రాదనీ, వాసన మాత్రం కొంత పోతుందనీ, అదే మోసమనీ చెప్పారు. ఏ క్వార్టరు మీది, అని అడిగి సైకిలెక్కారు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. అమ్మ నేను ఫెయిలయ్యానేమోనని బెదిరిపోయింది. సారు చదువు మాట ఎత్తలేదు. చాయ్ తాగుతూ నాయినను దీపాల గది గురించి అడిగారు. నాయినకు సంబరమైంది. లోపలి మనిషి నంబరు చూడకుండానే దీపం ఎట్లా అందుకుంటాడో, షిఫ్టు మారేటప్పుడు లైను ఎంత దూరం పోతుందో చేతులు తిప్పుతూ చెప్పాడు. సారు అంతా చెప్పనిచ్చి, మన లోపల కూడా అట్లాంటి కిటికీ ఒకటి ఉందని మొదలుపెట్టారు. నాయిన మొత్తం విన్నాడు. విని, "ఇంకో మనిషిని పెట్టుకోరాదా సారు లోపల?" అన్నాడు. "గా కొలువుకు భర్తీ లేదు రాజేశం" అన్నారు సారు. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఆ రాత్రి నాయిన మామూలుగానే తాగాడు.

సారు మాటలు చెప్పి ఊరుకునే మనిషైతే ఇదంతా రాసేదాన్ని కాదు. రెండో షిఫ్టు నుంచి మొదటి షిఫ్టుకు మారే రోజుల్లో ముప్పు ఎక్కువ. రెండో షిఫ్టు దిగి వచ్చి పొద్దుపోయేదాకా తాగుతారు, తెల్లారకముందే లేచి మళ్ళీ దిగాలి. అట్లాంటి ఒక పొద్దున అమ్మ తలుపు తీసేసరికి సారు మా ఇంటి మెట్టు మీద కూర్చుని ఉన్నారు. వాకింగుకు వచ్చానన్నారు. నాయిన బూట్లు వేసుకుని టోపీ పట్టుకుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెట్టు ఇరుకు, పోవాలంటే సారును దాటి పోవాలి.

నాగా పెట్టు ఇయ్యాల, అన్నారు సారు. నాగా అంటే డ్యూటీకి పోకపోవడం. మస్టర్ పోతది సారు, అన్నాడు నాయిన. హాజరు పడదని అర్థం. "మస్టర్ పోతే మళ్ల వస్తది" అన్నారు సారు. మెట్టు మీంచి లేవలేదు. పాఠాలు చెప్పే మనిషిని కాలితో దాటడానికి నాయినకు కాలు రాలేదు. బాయి సైరన్ మోగేదాకా ఒకరు మెట్టు మీద, ఒకరు తలుపులో అట్లాగే ఉన్నారు. సైరన్ ఆగాక సారు లేచి ప్యాంటు దులుపుకుని పోయారు.

ఆ రోజు బాయిలో ఏమీ జరగలేదు. అందరూ క్షేమంగా పైకి వచ్చారు. సాయంత్రం సారు కనబడితే, బాయి కూలుతదనుకున్నవా సారు, అని నాయిన ఎత్తిపొడిచాడు. కూలకపాయె, మంచిదే గదా, అని సారు చాయ్ అడిగి తాగారు.

ఆ తర్వాత కూడా వచ్చేవారు. షిఫ్టు మారిన ప్రతిసారీ కాదు గానీ చాలాసార్లు. ఒకసారి నాయినకు కోపం ముంచుకొచ్చింది. నా ఇంటి ముంగట నీకేం పని, అని అనకూడని మాటలు అన్నాడు. చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. సారు ముఖం ఎత్తకుండా, "మా అన్న గూడ చెమటల పోతదనే దిగిండు రాజేశం" అన్నారు.

సారు చదువు ఆ అన్న కష్టం మీదే సాగింది. అన్న బాయిలో పనిచేస్తూ ఈయన్ని కాలేజీకి పంపాడు. ఒకరోజు, రాత్రి తాగిన మందు ఇంకా ఒంట్లో ఉండగానే దిగాడు. లోపల పట్టాల మీద బొగ్గు టబ్బులు తాడు తెగి వచ్చాయి. అరుపు విని అందరూ పక్కకు జరిగారు. ఆయనా జరిగాడు, కాలు మాత్రం కొంచెం ఆలస్యమైంది. సారు ఇంతే చెప్పారు. ఎంజైముల పాఠం పుస్తకంలో చదివినప్పుడు ఆయన డిగ్రీలో ఉన్నారట. ఆ గీత చూడగానే అన్న ఎందుకు పోయాడో తెలిసిందట.

 నాయిన సారు పక్కనే మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పాడు.

ఆ రోజుతో మానేశాడని చెబితే బాగుంటుంది గానీ అట్లా జరగలేదు. మానాడు, పట్టాడు, మళ్ళీ మానాడు. మానినన్ని రోజులు సారు కనబడేవారు కాదు. పట్టినప్పుడు మాత్రం ఎవరు చెప్పేవారో, మెట్టు మీద ఉండేవారు. నా ఇంటర్ అయిపోయింది, డిగ్రీలో చేరాను, అప్పటికి గానీ ఇంట్లో సీసా లేకుండా పోలేదు. నాయిన నిండా సర్వీసు చేసి, కాలూ చెయ్యీ ఉన్న మనిషిగా రిటైరయ్యాడు. నా పెళ్ళిలో తూలకుండా నిలబడి అక్షింతలు వేశాడు. ఇవి చిన్న సంగతులు కావచ్చు, మా కాలనీలో చాలా ఇళ్ళల్లో అవి లేవు.

సారుకు పిల్లల్లేరు. ఆయన భార్యను మేమంతా అక్కా అనేవాళ్ళం. గట్టిగా మాట్లాడే మనిషి, సారు పక్కనే ఉన్నా వీధి చివర ఉన్నట్టు పిలిచేది. మేం పోతే పచ్చిమిర్చి తొక్కు వేసి అన్నం పెట్టి, మా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే నవ్వేది. సారు రిటైరైన కొద్దికాలానికే అక్క జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు.

మా వైపు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, నది ఒడ్డున ఇస్తరిలో వడ్డించి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టాక అక్కడే చుట్టాలు తిని, మగవాళ్ళు తాగి ఇళ్ళకు పోతారు. ఇది తప్పని ఎవరూ అనుకోరు, దుఃఖంలో ఉన్నవాళ్ళకు పోయడం మర్యాద. అక్క మూడోనాడు సారు ఇసుకలో కూర్చుని ఎవరు పలకరించినా పలకడం లేదు. ఆయన తమ్ముడు కమాన్‌పూర్ నుంచి వచ్చి ఉన్నాడు. గ్లాసులో పోసి తెచ్చి, తాగన్నా, జర నిద్ర పడతది, అని చేతిలో పెట్టాడు. జీవితంలో ఎన్నడూ ముట్టని మనిషి, అది నీళ్ళేమో అన్నట్టు తాగేశారు. నాయిన అక్కడే ఉన్నాడు. ఆ ఒక్కనాటికే గదా అనుకున్న బిడ్డా, అని ఇప్పటికీ అంటాడు.

ఆ రాత్రి సారుకు నిద్ర పట్టింది. అదే కొంప ముంచింది.

నేను మంచిర్యాల బడిలో బయాలజీ చెబుతున్నాను. గోదావరి దాటినప్పుడల్లా సారును చూసి వచ్చేదాన్ని. ఒకసారి చాయ్ పెడతానని ఆయనే లేచారు. చేతులు వణికి చక్కెర స్టవ్ మీద పడింది. నేను చూడనట్టు బయటికి చూశాను. ఎంజైములు చెప్తున్నావా, అని అడిగారు. చెప్తున్నాను సార్ అన్నాను. దీపాల గది చెప్తున్నావా, అన్నారు. ఇప్పటి పిల్లలకు దీపాల గది తెలియదు సార్, నాయిన దిగిన బాయి మూసేశారు, ఆ గదికి తాళం పడి గోడల్లో తుమ్మలు మొలిచాయి, పని అంతా ఓపెన్ కాస్ట్‌లోనే, అన్నాను. ఆయన గ్లాసు నాకిచ్చారు. "తెల్వకపోతే తెలిసేటట్టు చెప్పు. తెల్వదని ఇడ్వకు" అన్నారు. ఆ రోజు ఆయన నోటినుంచి వాసన వస్తోంది. ఇంటికొచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

అప్పటినుంచి నాయిన సాయంత్రం కాగానే సారు ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. పోయి ముందు తలుపు మెట్టు మీద కూర్చునేవాడు. వైన్స్ మూసేదాకా అక్కడే ఉంటే సారు ఎట్లా పోతాడని నాయిన ఆలోచన. పాపం సారు ఎన్నడూ నాయినను దాటలేదు. వెనక తలుపు నుంచి పోయేవారు.

తెలిశాక కూడా నాయిన మెట్టు మానలేదు. ఒకరోజు లోపలికి పోయి, సారు ముందు కూర్చుని, కిటికీ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడట. కొద్దిపాటికే నిండుతుందనీ, మిగిలింది నెత్తుట్లో నిలబడుతుందనీ, సారు తనకు చెప్పిన మాటలన్నీ వరసపెట్టి చెప్పాడట. సారు మధ్యలో ఆపలేదు. అయ్యాక, మంచిగ చెప్పినవు, అన్నారట. "కిటికీ సంగతి నాకెరుకే రాజేశం. పొద్దుగూకినంక ఈ ఇంట్ల ఉండుడే నాతోని అయితలేదు" అన్నారట. నాయిన వెంటనే బట్టలు సర్ది మా ఇంటికి తీసుకొచ్చాడు. సారు కొన్ని రోజులున్నారు, అమ్మ వండింది తిన్నారు, టీవీ చూశారు. ఒక పొద్దున చెప్పకుండా తిరిగి వెళ్ళిపోయారు. అక్క గొంతు ఆ ఇంట్లో వినబడుతుందనీ, ఇక్కడ అది కూడా లేదనీ తర్వాత అన్నారు.

చివరి రోజుల్లో దవాఖానలో నేను పోతే గుర్తుపట్టలేదు. నాయినను మాత్రం గుర్తుపట్టారు. పొట్టలో నీళ్ళు తీసి డాక్టరు బయటికి పోయాక, పక్కకు తల తిప్పి, "లోపలి మనిషి డ్యూటీ దిగిండు రాజేశం" అన్నారు. నాయిన ఆయన అరికాళ్ళు రుద్దుతూ ఉన్నాడు, రుద్దుతూనే ఉన్నాడు. నేను వార్డు బయటికి వచ్చేశాను.

దహనం రోజు గోదావరి ఒడ్డున జనం బాగానే వచ్చారు. చదువు చెప్పించుకున్నవాళ్ళు గోలేటి నుంచి కూడా వచ్చారు. అక్కడ నా వెనకే ఎవరో, అంత చదువుకున్న సారుకు గీ మాత్రం తెల్వకపాయెనా, అన్నారు. తిరిగి చూశాను. ఎవరో తెలియని మనిషి, నుదురు తుడుచుకుంటున్నాడు. కొట్టాలన్నంత కోపం వచ్చింది. తెలియక పోలేదయ్యా అని చెబుదామనుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఊరుకున్నాను. ఇప్పుడు ఇదంతా రాస్తున్నది ఆ మనిషి కోసమే అనుకోండి.

మూడోనాడు మళ్ళీ అదే ఒడ్డు. సారు తమ్ముడే కర్మ చేశాడు. ఇస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, గుడ్డు, ఓ గుప్పెడు పల్లీలు వడ్డించారు. చివర్లో తమ్ముడు సంచిలోంచి క్వార్టర్ సీసా తీశాడు. నా ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే నాయిన ఇస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దు, అన్నాడు. తమ్ముడు వాదించలేదు, సీసా పట్టుకుని పక్కకు జరిగాడు. అందరం దూరం పోయి నిలబడ్డాం.

కాకి వచ్చింది, కరెంటు తీగ మీద వాలింది. దిగలేదు. ఇంకోటి వచ్చింది, అదీ దిగలేదు. ఎండ ఎక్కింది. పెద్దవాళ్ళు చెట్టు నీడకు పోయారు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ళకు తృప్తి లేదని మా నమ్మకం, ముట్టేదాకా ఎవరూ కదలరు. జనంలో సణుగుడు మొదలైంది. ఆయనకు అలవాటైంది పెట్టకపోతే ఎట్ల ముడతది, అన్నారు ఎవరో. తమ్ముడు కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. "మా అన్నను ఆకలితోని పంపుతవా రాజన్నా" అన్నాడు. అంతసేపూ అతని మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

 నాయిన అతని దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. సీసా తీసుకుని, మూత తిప్పాడు. ఏళ్ళ తర్వాత ఆ చేతుల్లో సీసా చూస్తున్నాను. సీసా వంచి మూతలోకి పోశాడు, నిండుగా కూడా కాదు. ఇస్తరి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పల్లీల పక్కన ఆ మూతను ఇసుకలో ఒత్తి ఒరగకుండా నిలబెట్టాడు.

"ఒక్క మూతనే సారు" అన్నాడు. "కిటికీ ఒక్కటే ఉన్నది."

సీసాలో మిగిలింది ఇసుకలో పారబోశాడు.  అందరం మళ్ళీ దూరం జరిగాం.

కాసేపటికి కాకి దిగింది. అన్నం తిన్నది, గారె ముక్క ఎత్తుకుపోయింది, పల్లీలు చెదరగొట్టింది. మూతను ముట్టలేదు. ముట్టింది ముట్టింది అని అందరూ లేచి గంపలు సర్దుకుని, కాళ్ళు చేతులు కడుక్కోవడానికి నీళ్ళ వైపు పోయారు. నాయిన మాత్రం ఆ ఇస్తరి దగ్గర ఇసుకలో కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, దూరంగా బ్లాస్టింగ్ చప్పుడైంది, మూతలో ఉన్నది ఒకసారి వణికి మళ్ళీ కుదురుకుంది. పోదాం నాయినా అని భుజం మీద చెయ్యి వేశాను. ఉండు, అన్నాడు. మూతలో మందు ఎండకు అంచునుంచి మెల్లగా లోపలికి తగ్గుతోంది. మూత అడుగున తడి ఆరిపోయేదాకా నాయిన అక్కడే కూర్చున్నాడు.